రెండో గదువ

మూసీ పొంగి మూసారాంబాగ్ వంతెన మీంచి నీళ్లు పారిన ఏడాది అది. వాన వెలిసిన వారానికి, దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక క్లినిక్‌లో డాక్టర్ మురళీకృష్ణ నీలం పెన్ను తీసుకుని అరుణజ్యోతి గదువ కింద గీత గీయబోయాడు.

“ఆగు సారూ,” అన్నాడు మట్టయ్య. “నా బిడ్డ మెడ మీద గీతలెందుకు?”

“నాయినా, నువ్వు జర బయట కూసోరాదు,” అంది జ్యోతి.

మట్టయ్య కదల్లేదు.

“కంగారు పడకండి పెద్దాయనా. ఈ రోజు చూడ్డమే,” అన్నాడు డాక్టర్. “చిన్న రంధ్రం చేసి, సన్న గొట్టంతో గడ్డం కింద కొవ్వు, మెడ మీద కొవ్వు లాగేస్తాం. లైపోసక్షన్ అంటారు.”

“తిండి తగ్గిస్తె పోదా?”

“రాత్రి అన్నం ఎప్పుడో బంద్ చేసిన,” అంది జ్యోతి. “నడుం తగ్గింది. ఇది తగ్గలే.”

“ఇలాంటిది తిండితో పోదండి. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?”

“వాళ్లమ్మకుండె,” అన్నాడు మట్టయ్య.

“ఫొటో ఉంటే చూపిస్తారా?”

“లేదు.”

డాక్టర్ జ్యోతి వైపు తిరిగాడు. “పరీక్షలన్నీ బాగున్నాయి. చర్మం బిగువుగా ఉంది. చేయించుకోవచ్చు. కొన్నాళ్లు వాపు ఉంటుంది, కమిలినట్టు నలుపు ఉంటుంది, గడ్డానికి పట్టీ కట్టుకోవాలి. కానీ ఒకసారి తీసేశాక మళ్లీ తెచ్చి పెట్టలేనమ్మా. ఇంటికెళ్లి ఆలోచించుకోండి. సరే అనుకుంటే రేపు పదకొండింటికి రండి. వద్దనుకుంటే ఫోన్ చేసి చెప్పండి, నేనేమీ అనుకోను.”

మెట్రో మెట్లెక్కుతూ జ్యోతి తండ్రి మీద విరుచుకుపడింది.

“దుకాణంల ఫోన్ల లైవ్ పెట్టి చీరలు చూపించేది నేను. చూసేటోళ్లు కింద ఏం రాస్తున్నరో ఎరికేనా? ‘అక్కా, అంచు కనబడ్తలేదు, గదువ జర పక్కకు జరుపు’ అంట! సేటు గూడ నవ్విండు. పండగ నుంచి నా జాగల కొత్తగొచ్చిన పిల్ల తన్మయిని నిలబెడ్తడట. నన్ను లోపల కూసోని చీరలు మడత పెట్టుమన్నడు.”

“మడత పెట్టు.”

“నాయినా!”

“గది మీ అమ్మ గదువ బిడ్డా. ఆమెది ఈ లోకంల మిగిలింది గదొక్కటే.”

తల్లి సైదమ్మ చనిపోయేనాటికి జ్యోతి ఇంకా పాకుతోంది. తల్లి ముఖం ఎట్లా ఉంటుందో తెలియదు.

రైలు చైతన్యపురి దాటింది. మట్టయ్య అద్దంలోంచి గడ్డిఅన్నారం పాత పండ్ల మార్కెట్ వైపు చూస్తున్నాడు.

“ఎట్లుండె అమ్మ?” అని అడిగింది.

మట్టయ్య మామూలుగా ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ పూట మాట్లాడాడు.

“గక్కడనే బత్తాయిలు ఏరుతుండె. పెద్దయి ఓ పక్క, చిన్నయి ఓ పక్క. నవ్విందంటె కింది గదువ గూడ నవ్వేది. కోపమొస్తె ముందుగాల గదే ఉబ్బేది. నేను మోసే గంప కింద పడేసి, కుప్పల ఎనక నిలబడి, గదువ పట్టుకోని బతిలాడేటోన్ని. మెత్తగ, చెయ్యి నిండ దొరికేది. ‘అందరు చూస్తున్నరు, ఇడువు’ అనేది. ఇడిస్తె మళ్ల అలిగేది.”

జ్యోతి నవ్వింది. మట్టయ్య ఆమె ముఖం చూసి చప్పున తల తిప్పుకున్నాడు.

“మరి ఒక్క ఫొటో గూడ ఎందుకు దిగలే నాయినా? పైసల్లేకనా?”

“పైసలు గాదు.”

“మరి?”

ఆమె వదల్లేదు.

“ఒకపాలి స్టూడియోకు తోల్కపోయిన. కొత్త చీర కట్టుకోని కూసున్నది. రెండు గదువలు పడ్తున్నయమ్మా అన్నడు ఫొటో ఆయన. కొంగు అడ్డం పెట్టుకోని లేచొచ్చింది. ఇగ అటెన్క ఎవరు పిల్సినా కెమెరా ముందుకు రాలే. పెండ్లిళ్లల్ల గూడ అందరి ఎనక నక్కి నిలబడేది.”

జ్యోతి చేయి తన గదువ కిందికి పోయింది. కాసేపు అక్కడే ఉంది.

“నాయినా, నిజం చెప్పు. గీ ఆపరేషన్ అప్పుడుంటె అమ్మ చేయించుకునేదా?”

ఎల్‌బీ నగర్ వచ్చింది. దిగారు. రోడ్డు మీదికి వచ్చారు. మట్టయ్య ఆటోల మధ్య ఆగిపోయి అన్నాడు.

“నీకంటె ముందుగాల పోయి కూసునేది.”

“అయితే నేను పోవాల్నా?”

“పో బిడ్డా.”

మరునాడు పొద్దున జ్యోతి డ్రెస్సు వేసుకుని తయారైంది. మట్టయ్య చూసి తల అడ్డంగా ఊపాడు.

“చీర కట్టుకో. సాదాది. బొట్టు జర పెద్దగ పెట్టు.”

“ఆపరేషన్‌కు చీరేంది నాయినా!”

“ముందుగాల ఫొటో దిగి పోదువు.”

“క్లినిక్‌ల వాళ్లే తీస్తరు. ముందు ఒకటి, తర్వాత ఒకటి.”

“గది వాళ్లకు. ఇది నాకు.”

దిల్‌సుఖ్‌నగర్‌లో ఫొటోగ్రాఫర్ స్టీఫెన్ అప్పుడే స్టూడియో తెరిచి ఊడుస్తున్నాడు. జ్యోతి స్టూలు మీద కూర్చుని, లైవ్‌లో అలవాటైనట్టు గదువ పైకెత్తింది.

“దించు,” అన్నాడు మట్టయ్య.

దించింది.

“ఇగ నవ్వు.”

“నువ్వు నవ్వు, నేను నవ్వుత.”

మట్టయ్య నవ్వబోయాడు. అలవాటు లేని ముఖం ఎటో వంకర పోయింది. జ్యోతి పగలబడి నవ్వింది. స్టీఫెన్ నొక్కేశాడు.

“పాస్‌పోర్ట్ సైజా తాతా?”

“పెద్దది. గోడకు. ఫ్రేము గట్టు.”

“నేను రోజు ఎదురుంగనే ఉంట గదా, నా ఫొటో గోడకెందుకు నాయినా?” అంది జ్యోతి, ఇంకా నవ్వుతూనే.

“కింద పేరు రాయాల్నా?” అన్నాడు స్టీఫెన్, పెన్ను అందుకుంటూ.

“రాయాలె.”

“చెప్పు.”

“స్వర్గీయ సైదమ్మ.”