వల రెండో కొస

దగ్గరకు జరగండమ్మా, ఈ గాలికి మాట ఎగిరిపోతుంది. మధ్యమధ్య ఊ కొడుతూ ఉండండి. ఊ కొట్టేవాళ్ళు లేకపోతే కథ ఏమైపోతుందో ఇంద్రజ కళ్ళారా చూసింది. ఆ సంగతే చెబుతున్నాను.

"మామ్మా, ఆ ఊ తీసెయ్యాలి," అంది ఇంద్రజ ఫోన్లో రికార్డింగు ఆపి.

"ఏ ఊ?" అంది అప్పాయమ్మ.

"తాతగారు మాటమాటకీ ఊ అంటున్నారు కదా. మీ గొంతు మీద పడుతోంది."

ఫిషింగ్ హార్బర్‌లో పొద్దుటి వేలం అయిపోయింది. తట్టలు వెళ్ళిపోయాయి. నేల మీద పొలుసులూ, కరిగిన ఐసు నీళ్ళూ మిగిలాయి. షెడ్డు నీడన అప్పాయమ్మ చిరిగిన వల కుడుతోంది. ఎదురుగా ఆమె మొగుడు తాతబాబు వల రెండో కొసను కాలి బొటనవేలికి తగిలించుకుని, బిగువుగా పట్టుకు కూర్చున్నాడు. వయసులో ఉన్నన్నాళ్ళూ మరబోట్ల మీద ఇంజను డ్రైవరు. ఇంద్రజ వచ్చి నమస్కారం పెడితే చల్లగా నవ్వాడంతే.

ఇంద్రజ దువ్వాడలో ఒక కాలేజీలో తెలుగు చెబుతుంది. కథ ఎలా పుట్టి, ఎన్ని రూపాలు మారి ఇప్పటిదాకా వచ్చిందో పరిశోధన రాస్తోంది. మిగతా అధ్యాయాలన్నీ అయ్యాయి గానీ మొదటిదే ఖాళీ. నోటి కథ నోటితో చెప్పగా పట్టుకురమ్మన్నారు గైడు గారు. అడిగిన ముసలివాళ్ళందరూ "అయ్యో, మర్చిపోయామమ్మా" అని టీవీ వైపు తిరిగిపోయారు. ఇక అప్పాయమ్మ ఒక్కతే దిక్కు. ఈ కథ కూడా దొరక్కపోతే ఇన్నేళ్ళ పరిశోధన మూలన పడ్డట్టే.

"ఊ నేకపోతే కతెలా నడుత్తాదమ్మా?" అంది అప్పాయమ్మ.

"పూర్వం అంతే మామ్మా. ముందు నోటి కథ. ఆ తర్వాత గజ్జెలు కట్టి ఆడే బుర్రకథ. అందులో పక్కవాళ్ళు తందాన అనేవారు."

"అదీ ఊయే కదేటి."

"అవును. తర్వాత అచ్చు వచ్చింది. కథ పుస్తకంలోకి వెళ్ళింది. వారవారం పత్రికలో సీరియలైంది. ఇప్పుడేమో ఫోన్లో పెట్టుకుని ఎవరికి వాళ్ళు వింటున్నారు."

"మరి అచ్చులోకెల్లినాక ఊ ఎవులు కొడతన్నారు?"

ఇంద్రజ ఆలోచించింది. "ఎవరూ కొట్టరు మామ్మా."

"ఓలమ్మో! అలగ ఒక్కడూ సెప్పుకోడానికి సెప్పేవోడికి బయ్యమెయ్యదేటి?"

ఇంద్రజకు నవ్వు వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. పొద్దున సీతమ్మధారలో ఇల్లు కదిలేటప్పుడు, "ఇవాళ హార్బర్‌కి వెళ్తున్నాను, రావడం ఆలస్యమవుతుంది," అని భర్త అశోక్‌కి చెప్పింది. అతను ఫోన్లోంచి తలెత్తకుండా "ఊ" అన్నాడు.

"సరే, తాతగారిని అననివ్వండి," అంది. "ఆ వల మాత్రం పక్కన పెట్టండి. గరగర కూడా రికార్డయిపోతోంది."

అప్పాయమ్మ ఒక్క క్షణం తటపటాయించి వల తీసి పక్కన పెట్టింది.

"అలకీ ఒడ్డుకీ పెళ్ళి కుదిరిందంట..." అని ఆగింది. ఊ రాలేదు. తాతబాబు ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

"కుదిరిందంట. అలేమో..." సగం మాట మీద తాతబాబు "ఊ" అన్నాడు. అప్పాయమ్మ తడబడింది. మళ్ళీ మొదలెట్టింది, మళ్ళీ ఆగింది. మొహం చిన్నబోయింది.

ఇంద్రజ ముందుకు వంగింది. "మర్చిపోయారా మామ్మా?"

"గురుతుంది. నడవట్నేదు. ఆ వల ఇలగియ్యి తల్లీ."

వల మళ్ళీ ఇద్దరి మధ్యకీ వచ్చింది. తాతబాబు కొసను బొటనవేలికి తగిలించుకున్నాడు.

"అల అత్తోరింటికి ఒచ్చిందంట." అప్పాయమ్మ ముడి వేసి లాగింది.

"ఊ."

"గడపదాకా ఒచ్చి, అయ్యో, కన్నోరింట్లో ఏదో మరిసిపోనానని ఎనక్కెల్లిపోనాదంట." ఇంకో ముడి.

"ఊ."

"ఒడ్డు పాపం తలుపు తీసుకుని అలాగే కూకున్నాడంట."

"ఊ."

కథ తెరచాప ఎత్తినట్టు సాగిపోయింది. జెట్టీ దగ్గర ఏదో బోటు హారన్ గట్టిగా మోగింది. కాకులు లేచిపోయాయి, ఇంద్రజ ఉలిక్కిపడింది. తాతబాబు రెప్ప కూడా కదపలేదు. కథలో పడ్డ మనిషికి లోకం పట్టదు కదా అనుకుంది ఇంద్రజ.

"ఇంతకీ అలేటి మరిసిపోనాదంటే, ఏటీ మరిసిపోనేదంట. తనకోసం ఇంకా కూకున్నాడో నేదోనని సూసుకోడానికే ఒచ్చెల్తాదంట."

"ఊ..."

రికార్డింగు ఆపేసరికి ఇంద్రజ కళ్ళు చెమర్చాయి. అంతలో ఫోన్ మోగింది. అశోక్.

"ఎక్కడున్నావ్? ఇంటికి తాళం వేసుందేంటి?"

"పొద్దున చెప్పాను కదా."

"ఎప్పుడు?"

ఇంద్రజ ఫోన్ పెట్టేసింది.

అప్పాయమ్మ మొగుడి మోకాలి మీద తట్టి, టీ గ్లాసు చేతికిచ్చింది.

"మీరు అదృష్టవంతులు మామ్మా," అంది ఇంద్రజ, నీళ్ళ వైపు చూస్తూ. "మీ మాట ఒక్కటి పోనివ్వకుండా ఎలా వింటారు తాతగారు! ఇంట్లో నాకు అలాంటి మనిషి ఉంటే చాలు."

అప్పాయమ్మ వంచిన తల ఎత్తకుండా ఇంకో ముడి బిగించి లాగింది. అటు కొసన బొటనవేలు కదిలింది.

"ఊ," అన్నాడు తాతబాబు.

ఈ కథ గుర్తుపెట్టుకోండమ్మా, మీరూ ఎవరికైనా చెప్పండి. చెప్పేటప్పుడు ఎదుటివాళ్ళ చేత ఊ కొట్టించండి. అప్పాయమ్మ అప్పుడన్న ఈ మాట మాత్రం ఆఖరికి దాచుకోండి.

"మా మావకి సెవులు ఏనాడో పోనాయమ్మా."