గాలి వంతు

కాలువ నీళ్ళకు వంతులున్నట్టే ఇప్పుడు ఊళ్ళో గాలికీ వంతులున్నాయి. గడ్డి చావడానికి అందరూ నిమ్మగడ్డి నూనే కొడుతున్నారు. ఆ ఘాటు గాలివాటున పక్క మడి మీద పడితే లేత మొలక ఎక్కడిదక్కడే ముడుచుకుపోతుంది. అందుకే నూనె కొట్టడానికి ఒక్కో చేనికి నెలకో రోజు వంతు.

ఓబులేసు మిరపనారు నిన్ననే మొలకెత్తింది. ఈరోజు వంతేమో పడమటి చేని సుబ్బరత్నమ్మది. అతను వెళ్ళేసరికి ఆమె డ్రోనులో నూనె పోస్తోంది.

“అత్తా, ఈ ఒక్క వంతూ ఆపు. నారు పోతే ఈ ఏడు నాకు పైరే లేదు.”

“మళ్ళా వంతు నెలకు గదా అల్లుడా! అంతవరకూ నా శెనక్కాయను గడ్డి మింగకుండా ఉంటాదా?”

“ఆ గడ్డి నేను పీకుతా, చేత్తో.”

సుబ్బరత్నమ్మ పకపకా నవ్వింది. ఊళ్ళో చేత్తో కలుపు తీసి ఇరవై ఏళ్ళు దాటింది.

“గడ్డేదో చెట్టేదో తెలుసునా నీకు?”

ఓబులేసు వంగి ఒక మొక్క పీకి చూపించాడు.

“అది నా శెనక్కాయ చెట్టే, నాయనా!”

“అయితే నువ్వే నేర్పు.”

ఆమె నూనె మళ్ళీ డబ్బాలో వంపేసి, కొంగు దోపుకొని అతని పక్క సాలులో కూర్చుంది. సాయంత్రం దాకా పడమటి గాలి ఓబులేసు మడి మీదికి వట్టి గాలిగానే వీచింది.