మేకపోతు తాడు

దేవుడి గుడారమున్న షిలోహుకు వెళ్ళే దారిలో, ఎండ వేడెక్కక ముందే, ఆ మేకపోతును మొదట గమనించింది హోగ్లా అవ్వ.

"జిమ్రానూ, ఆ ముసలాయన మనూరివాడేనా?"

ఊరంతా కలిసి ఇచ్చే కోడెదూడను, అంజూరపు గంపలను ముందుండి నడిపిస్తున్న ఊరిపెద్ద జిమ్రాను వెనక్కి తిరిగి చూశాడు.

చిరిగిన అంగీ. చెప్పుల్లేని కాళ్ళు. చేతిలో తాడు, తాడు చివర నల్లగా నిగనిగలాడే మేకపోతు.

"మనవాడు కాదవ్వా. పొద్దుట్నుంచీ మన వెనకే వస్తున్నాడు."

నిరుడు బావి పోయినప్పటి నుంచీ వాళ్ళ ఏన్‌రోమా ఊరు తన నీడను కూడా నమ్మడం లేదు. తాతలు తవ్విన బావిని, ఈ ఊళ్ళన్నీ ఏలే గోత్రపు పెద్ద, పక్కనున్న షామీరు ఊరికి ఇచ్చేశాడు. వీళ్ళను పిలిపించలేదు, అడగలేదు. ఇంట్లో కూర్చుని తీర్పు పంపాడు. ఆయన మొహం కూడా వీళ్ళెరగరు. దేవుడికే మొరపెట్టుకుందామని ఈ ప్రయాణం.

"ఎక్కడికి పెద్దాయనా?" జిమ్రాను అడిగాడు.

"షిలోహుకే. తెలియక ఓ పాపం చేశాను. తెలిశాక కాలు నిలవలేదు."

జిమ్రాను నవ్వాడు. "తెలియక చేసిన పాపానికి మనబోటివాళ్ళం బలికి తెచ్చేది ఆడమేక. చంటిపిల్లకైనా తెలుసు. నీకీ పోతెక్కడిది?"

"నాదే."

"ఈ అంగీకి ఇంత పోతా? ఎవరి మందలోంచి విప్పుకొచ్చావ్?"

ముసలాయన పోతు మెడ నిమిరాడు. "మీ బావి ఎవరు తవ్వారు?" అని అడిగాడు.

అంతే, అందరూ ఒక్కసారి ఆయన మీదికి లేచారు.

"బావి సంగతి వీడికెందుకు? షామీరు వేగు!"

"ముందు మీరు చెప్పండయ్యా. తర్వాత నేను చెబుతాను."

"తవ్వింది మా ఆయన తాత" అంది హోగ్లా అవ్వ. "రాళ్ళు మోసీ మోసీ నడుం విరిగి పోయాడు. ఆ మాట వినే నాథుడేడీ?"

ముసలాయన కళ్ళు తడిశాయి. దొంగ ఏడుపని అందరూ అనుకున్నారు.

జిమ్రాను తాడు లాక్కున్నాడు. "దీన్ని బలులిచ్చే యాజకుడికి అప్పగిస్తాం. పోగొట్టుకున్నవాడే వచ్చి అడుగుతాడు."

"తీసుకెళ్ళండి. కానీ బలికి ముందు దీని తల మీద చెయ్యి పెట్టి తప్పు ఒప్పుకోవాల్సింది నేను. అదీ మీ అందరి ముందూ."

"చెయ్యి సంగతి తర్వాత. ముందు ఇక్కణ్ణుంచి కాలు తియ్!"

గుంపులోని కుర్రాళ్ళు రాళ్ళు తీశారు. ఒకటి నుదుటికి తగిలింది. ముసలాయన రక్తం తుడుచుకుని, వచ్చిన దారినే వెనక్కి నడిచాడు. ఒక్క శాపనార్థం కూడా పెట్టలేదు. అది హోగ్లా అవ్వ మనసులో ముల్లులా ఉండిపోయింది.

మధ్యాహ్నానికి షిలోహు చేరారు.

గుడారం ముందే యాజకుడు ఎదురొచ్చాడు. ఆయన చూపు కోడెదూడ మీద ఆగలేదు, నేరుగా మేకపోతు మీదికి వెళ్ళింది.

"ఓహో! తెచ్చేశారే!"

"దొంగ దగ్గర పట్టాం, స్వామీ" అన్నాడు జిమ్రాను గర్వంగా.

"దొంగేమిటి?" యాజకుడు తికమకపడ్డాడు. "తెలియక చేసిన పాపానికి మేకపోతును తెచ్చేవాడు గోత్రానికి ఒక్కడే ఉంటాడయ్యా. నేనీ కొలువులో చేరి నలభై ఏళ్ళు. ఇంతవరకు ఒక్కడూ తేలేదు. పెద్దలు తప్పులు చెయ్యరు కదా!"

తన మాటకు తనే నవ్వి యాజకుడు మళ్ళీ అందుకున్నాడు.

"నిన్న ఆయన దగ్గర్నుంచి కబురొచ్చింది. 'ఏన్‌రోమావాళ్ళ మాట వినకుండా బావి తీర్పు చెప్పాను, తప్పు నాది. వాళ్ళతోనే నడిచి వస్తాను, వాళ్ళ ముందే ఒప్పుకుంటాను' అని. ఆయన నోటితో ఆ మాట అనగానే ఈ పూటే బావి మీది."

హోగ్లా అవ్వ ఖాళీగా ఉన్న దారి వైపు తిరిగింది.

యాజకుడు వాళ్ళ వెనకాల చూస్తూ అడిగాడు.

"ఇంతకీ ఏరయ్యా, మీ గోత్రపు పెద్ద?"