పాతాళం గొంతు

"ఆ పాట పాడినవాడు పోయాడండీ. చాలా ఏళ్లయింది," అన్నాడు రేడియో మెకానిక్, విప్పిన రేడియోలోంచి తలెత్తకుండానే.

అదే గదిలో కిటికీ పక్కన జాకెట్టు కుడుతున్న అక్క మిషన్ ఆపింది. "బతికున్న మనిషిని చంపేస్తావేంట్రా! కళ్లు పోతాయి."

"అంటే ఉన్నారా?" మందుల షాపాయన కుర్చీ అంచుకి జరిగాడు. ఒళ్లో పాత రికార్డును పసిబిడ్డలా పట్టుకుని కూర్చున్నాడు.

కుర్రతనంలో మెకానిక్ ఇద్దరు స్నేహితులతో కలిసి సైకెడెలిక్ రాక్ బ్యాండు పెట్టాడు. గిటారు మోతని టేపు మీద వెనక్కి తిప్పేవాళ్లు, ఇనప బిందెలో మైకు పెట్టేవాళ్లు. చెయ్యని వెర్రి లేదు. ఏడు నెలలకే చాప చుట్టేశారు. మిగిలింది ఒక్క రికార్డు. దాని లేబుల్ మీద బ్యాండు పేరు తప్ప ఇంకో అక్షరం లేదు. అప్పట్లో కుక్క కూడా వినలేదు. ఇప్పుడు దాని కోసం జనం ఊళ్లు తిరుగుతున్నారు.

"నాకు పద్నాలుగేళ్లప్పుడు మా నాన్న పోయారు," అన్నాడు మందుల షాపాయన. "ఆ ఏడాదంతా ఈ పాటే విన్నాను. ఆ గొంతు పాతాళంలోంచి వచ్చి నా భుజమ్మీద చెయ్యి వేసినట్టుండేది. మళ్లీ ముద్రించడానికి కంపెనీవాళ్లు ఒప్పుకున్నారండీ. గాయకుడి సంతకం ఒక్కటే కావాలి. రేపే ఆఖరు."

"విన్నావా? భుజమ్మీద చెయ్యి వేసినట్టుందట," అంది అక్క తమ్ముడితో. "ఇలాంటి మాట ఒక్కటైనా ఆ మనిషి చెవిన పడనిచ్చావా ఇన్నేళ్లలో?"

"ఆ మనిషెవరో తెలిస్తే మాయంతా పోతుందక్కా. జనం నవ్వుతారు. మనకి మిగిలింది ఆ ఒక్క పేరే."

"మనకి కాదు, నీకు. నీ పేరు నిలబెట్టుకోడానికి ఓ మనిషిని బతికుండగానే పాతిపెట్టావు."

మందుల షాపాయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఆయన తాగుబోతైనా, జైల్లో ఉన్నా ఫర్వాలేదండీ. కాళ్లు పట్టుకునైనా సంతకం పెట్టించుకుంటాను."

అక్కకి నవ్వొచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది. "ఆ రికార్డు ఇలా ఇవ్వండి బాబూ."

మెకానిక్ లేచాడు గానీ అక్క మొహం చూసి మళ్లీ కూలబడ్డాడు. బల్ల మీది ప్లేయర్‌లో రికార్డు తిరగసాగింది. బరువైన మగగొంతు నెమ్మదిగా గదంతా పరుచుకుంది.

"మీరూ నిమిషానికి ముప్పై మూడు చుట్ల మీదే వింటున్నారు కదూ?" అంది అక్క. "అందరూ అంతే. లేబుల్ మీద వేగం అచ్చువెయ్యడం మర్చిపోయారు. ఇది నలభై అయిదు మీద తిరగాలి."

మీట జరిపింది. రికార్డు చకచకా తిరిగింది. మగగొంతు సన్నబడి, పాట పరుగందుకుంది. మందుల షాపాయన ఉలిక్కిపడి ప్లేయర్ వైపు, తర్వాత మీట జరిపిన మనిషి వైపు చూశాడు.

రికార్డులో పాడుతున్నది అక్క.