చల్లారని గడ్డ

"బూడిద దిగుతలేదని మేడంకు చెప్పన్నా" అన్నాడు మహేష్.

పవర్ ప్లాంట్‌లో బాయిలర్ కింద అతని పక్కనే ఉన్న ఆపరేటర్ పరశురాములు వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నాడు. పైన కంట్రోల్ రూమ్‌లో ఉన్న మేడం ఎవరో కాదు, ఇంజనీర్ సుచరిత, మహేష్ భార్య. నకిరేకల్‌లో తన తమ్ముడి కొత్తింటి పండుగకు రాలేదని ఆమె మొగుడితో మాట మానేసింది. ఆమెకంత ఉంటే నాకెంత ఉండాలని మహేష్ కూడా మానేశాడు.

"బూడిద దిగుతలేదట మేడం."

"ఎందుకు దిగుతలేదో ఆయన్ను అడుగన్నా."

"ఎందుకట సార్?"

"ఆమె అడిగింది నాకు ఇనవడ్డది. పెద్ద బూడిద గడ్డ తొట్టి మూతికి అడ్డం పడ్డదని చెప్పు."

పరశురాములుకు విసుగొచ్చింది. "ఆలుమగలు గిట్ల మూగోళ్ల లెక్క ఉంటే ఎట్ల సార్? జర మీరే ఓ మాట కలపరాదు."

మహేష్ తొట్టి వైపు తిరిగాడు. పొయ్యిలోంచి రాలిన బూడిద నీళ్ల తొట్టిలో చల్లారి కిందికి పోవాలి. తొట్టి నిండితే బాయిలర్ ఆపాల్సిందే. గడ్డను పొడుద్దామని ఇనుప గడ అందుకుని, తొట్టి పక్క తలుపు గడియ మీద చెయ్యి వేశాడు. "సార్ తలుపు తీస్తుండు మేడం" అన్నాడు పరశురాములు.

"మహేష్, తలుపు తియ్యకు." వాకీటాకీలో సుచరిత నేరుగా అతన్నే పిలిచి అరిచింది. "నీళ్ల వేడి ఇంక తగ్గలే. గడ్డ నిప్పు లెక్కనే ఉన్నది. ఎనుకకు జరుగు."

అతను వెనక్కి జరిగాడో లేదో, లోపల గడ్డ ఢామ్మని పగిలింది. తలుపు సందుల్లోంచి సలసల కాగే నీళ్లు అతను నిలబడ్డ చోటంతా చిమ్మాయి.

"ఉన్నవా? మహేష్, ఉన్నవా?"

పరశురాములు వాకీటాకీని అతని చేతిలో పెట్టాడు.

"ఉన్న. ఏం కాలే" అన్నాడు మహేష్. "రేపు నకిరేకల్ పోదామా?"

"ముందు బూడిద దించు" అంది సుచరిత. ఆమె నవ్వు కింద ఉన్నవాళ్లందరికీ వినిపించింది.

డ్యూటీ దిగి గేటు వైపు నడుస్తుంటే పరశురాములు ఛాతీ విరుచుకున్నాడు. "చూసిండ్రా సార్, నోరు తెరిస్తే ఎంతసేపు? పెండ్లాం కాడ పంతమేంది?"

అంతలో అతని ఫోన్ మోగింది. చేతులకు బూడిద ఉందని స్పీకర్‌లో పెట్టాడు. కూతురు వర్షిత.

"బాపూ, అన్నం ఇంటికాడ తింటవా అని అమ్మ అడుగుతాంది."

"తింటనని చెప్పు బిడ్డా."

"అమ్మ పక్కనే ఉన్నది, ఫోన్ ఇయ్యనా?"

పరశురాములు మహేష్ వైపు చూడకుండా అన్నాడు. "వద్దు బిడ్డా. రెండేండ్ల సంది నువ్వే చెప్తున్నవు, గిది సుత నువ్వే చెప్పు."