ఎర్మాగొరాస్ పెదతాత కుర్చీలు

సరస్సు ఒడ్డున మా కబీమాస్ ఊళ్లో చమురు పడిన కొత్తలో ఎర్మాగొరాస్ పెదతాత పెద్ద బల్లా, ఎనిమిది పేము కుర్చీలూ ఓడలో తెప్పించాడు. బావుల దగ్గర పనివాళ్లంతా రోజూ ఆయనతోనే భోంచేసేవారని మా ఇంట్లో ఊరందరికీ గొప్పగా చెప్పేవారు. ఆయన పోయాక, ఆ కుర్చీలు పాడవుతాయని వాటిలో మేమెవరం కూర్చోలేదు. ముక్కాలి పీటలే వాడాం.

మా ఆయన పోయాక అంత పెద్ద బల్ల దగ్గర ఒక్కదాన్నే తినాలంటే సిగ్గేసింది. అన్నీ అమ్మేద్దామని బేరం కుదుర్చుకుని, అల్లిక సరిచేయడానికి పేము అల్లే నేరియోని పిలిచాను.

అతను కుర్చీలు బోర్లించి చూసి నవ్వాడు.

"మీ పెదతాతగారితో తిన్న పనివాళ్లు గాల్లో కూర్చుని తినేవారా అమ్మా?"

"అదేం మాటయ్యా?"

"ఈ ఒక్కదానికే మూడుసార్లు అల్లిక మార్చారు. తక్కిన ఏడూ ఓడ దిగినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. వీటిలో ఎవరూ కూర్చోలేదమ్మా."

నేను ఆ ఏడు కుర్చీల అడుగూ ఒక్కొక్కటే తడిమి చూశాను. తర్వాత రెండు పళ్లాల్లో చేపా, వేయించిన అరటికాయా వడ్డించి, ఆ ఏడింట్లో ఒక కుర్చీ బల్ల దగ్గరికి లాగాను.

"కూర్చో నేరియో."

"అమ్మే సరుకు కదమ్మా, అల్లిక కుంగిపోతుంది."

"కుంగనీ."