తోడల్లుడి ఆదుర్దా

లారీ గుద్దిన రెండో నిమిషానికే చిన్నల్లుడి కారు అక్కడికొచ్చి ఆగింది. అదృష్టమంటే అదీ.

రోడ్డు మీద పెద్దల్లుడు పడి ఉన్నాడు. స్కూటర్ ఒక పక్క, చెప్పులు ఒక పక్క. బ్రేకు కడ్డీ విరిగి కుడి తొడలో బెత్తెడు లోతున దిగబడింది. చుట్టూ ఇరవైమంది చేరి, ఇరవై ఫోన్లు పైకెత్తి, ఎంతో శ్రద్ధగా వీడియో తీస్తున్నారు. పారిపోయిన లారీ నంబరు మాత్రం ఒక్కరూ చూడలేదు.

"అంబులెన్సుకి చెప్పామండీ. బయలుదేరిందట," అన్నాడు ఒకాయన.

"అది బయలుదేరి, దారి కనుక్కుని వచ్చేసరికి మా అన్నయ్యగారు ఉంటారా? పట్టండి!" అని చిన్నల్లుడు గావుకేక పెట్టాడు. నలుగురూ కలిసి మనిషిని కారు వెనకసీట్లో పడుకోబెట్టారు. సొంత తమ్ముడైనా ఇంత చెయ్యడని ఓ పెద్దావిడ కళ్ళు తుడుచుకుంది.

ఇద్దరూ ఒకే ఇంటి అల్లుళ్ళు. మామగారి ప్రింటింగు ప్రెస్సు ఇద్దరిదీ, పెత్తనం మాత్రం పెద్దల్లుడిది. పదేళ్ళుగా ఆయన వెనక ప్రూఫులు పట్టుకు తిరగడమే చిన్నల్లుడి ఉద్యోగం. ఇప్పుడాయనకేమైనా అయితే ప్రెస్సు మొత్తం తన నెత్తినే పడుతుంది. ఆ ఆలోచనతోనే అతను కారు స్టార్టు చేశాడు.

దెబ్బ తగిలాక మొదటి గంటే కీలకమని అతను ఎక్కడో చదివాడు. వాచీ చూసుకున్నాడు. పదీ పది.

మొదటి ఆసుపత్రిలో అద్దాల తలుపులు మనిషిని చూడగానే వాటంతటవే తెరుచుకున్నాయి. లోపలి మనుషులకి ఆ సదుపాయం లేదు.

"యాక్సిడెంటా? పోలీసుల కాగితం తెచ్చారా?" అంది రిసెప్షన్‌లో అమ్మాయి, కంప్యూటర్‌లోంచి తల ఎత్తకుండా.

"మనిషి పోయేలా ఉన్నాడమ్మా!"

"పోతే కాగితంతో పోలీసులే వస్తారు సార్. బతికున్నవాళ్ళకే మీరు తేవాలి."

"అయితే చేర్చుకోమని రాసివ్వండి!" అని చిన్నల్లుడు బల్ల గుద్దాడు. ఆ అమ్మాయి విసుక్కుంటూ రాసిచ్చింది. అతను చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచాడు. రేపెవరైనా అడిగితే చూపించాలి కదా.

రెండో ఆసుపత్రి ఊరికి ఆ చివర. అక్కడ ఎముకల డాక్టరు మంగళవారం వస్తాడట. ఆ రోజు గురువారం.

"క్షమించండి, మా అన్నయ్యగారు క్యాలెండరు చూసుకుని పడలేదు," అన్నాడు చిన్నల్లుడు.

కాంపౌండరుకి ఆ వెటకారం అర్థం కాలేదు. "పర్లేదులెండి," అని చీటీ రాసిచ్చాడు. టైము పదీ యాభై.

వెనకసీట్లోంచి సన్నగా మూలుగు. "తమ్ముడూ, దాహం..."

"ఓర్చుకోండి అన్నయ్యగారూ, ఇంకెంతసేపు!" అన్నాడు చిన్నల్లుడు.

మూడోది ప్రభుత్వాసుపత్రి. అక్కడ ఓ కుర్ర డాక్టరు కారు దాకా పరిగెత్తుకొచ్చి, "స్ట్రెచరు తెండి, లోపలికి తీసుకెళ్దాం," అన్నాడు. చిన్నల్లుడి గుండె ఆగినంత పనైంది. ఏం మాట్లాడాలో తోచక అలాగే నిలబడిపోయాడు.

కానీ దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి. హెడ్ నర్సు వచ్చి, ఆపరేషన్ గది తాళం సూపరింటెండెంటు దగ్గర ఉందనీ, ఆయన మీటింగులో ఉన్నాడనీ, ఆ మీటింగు అత్యవసర వైద్యం గురించేననీ చెప్పింది. చిన్నల్లుడికి మళ్ళీ నోరు వచ్చింది. దేశంలో మానవత్వం చచ్చిపోయిందని పావుగంట అరిచి, మూడో చీటీ తీసుకుని బయటపడ్డాడు. పదకొండున్నర.

నాలుగోదానికి ఇంకా పన్నెండు మైళ్ళు వెళ్ళాలి. కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబులు కారు ఆపి, లోపలికి తొంగిచూసి, అడక్కుండానే ముందుసీట్లో ఎక్కి కూర్చున్నాడు.

"అంత దూరం ఎందుకు సార్? పక్క సందులోనే పురిటాసుపత్రి ఉంది. డాక్టరమ్మ ఎవరినీ కాదనదు, తిప్పండి!"

తిప్పక తప్పలేదు. డాక్టరమ్మ కాగితం అడగలేదు, వారం అడగలేదు. పెద్దల్లుణ్ణి లోపలికి తీసుకుపోయి, సర్జన్ని పిలిపించి, రెండు గంటల తర్వాత చెమట తుడుచుకుంటూ బయటికొచ్చింది. అప్పటికి పెద్దల్లుడి భార్య కూడా వచ్చి, ఏడ్చి ఏడ్చి బెంచీ మీద చతికిలబడి ఉంది.

"గండం గడిచిందమ్మా. నెల్లాళ్ళలో లేచి తిరుగుతాడు," అంది డాక్టరమ్మ. "ఆ కడ్డీని ఎవరూ పీకలేదు, అదే ఆయన్ని బతికించింది. తెగిన రక్తనాళానికి అదే బిరడాలా అడ్డుపడింది. ఇంతకీ ముందు ఎక్కడెక్కడికి తీసుకెళ్ళారు?"

చిన్నల్లుడు మూడు పేర్లూ చెప్పాడు. డాక్టరమ్మ నవ్వింది.

"వాళ్ళు చేర్చుకోకపోవడం మీ అదృష్టమండీ! ఆ మొదటి చోట పోయిన నెల ఒకాయన గుచ్చుకున్న ఊచతో వెళ్తే, ముందు అదే పీకి పారేశారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఆయన ఐదు నిమిషాల్లో పోయాడు."

చిన్నల్లుడు గోడకి జారగిలబడి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. కానిస్టేబులు కళ్ళు చెమ్మగిల్లాయి. పెద్దల్లుడి భార్య అతని చేతులు పట్టుకుని, "నీ రుణం ఏ జన్మకీ తీర్చుకోలేను మరిదీ," అంది.

"ఊరుకోండి వదినా. ఇంట్లో చెప్పొస్తాను," అని అతను కళ్ళు తుడుచుకుంటూ మెట్ల కిందికి వెళ్ళి ఫోను తీశాడు.

"లారీ రిపేరు చేయించి ఉంచరా," అన్నాడు గొంతు తగ్గించి. "ఈసారి ఊరంతా తిప్పే పిచ్చిపని చెయ్యను, తిన్నగా మొదటి ఆసుపత్రిలోనే చేర్పిస్తాను."